కారు తాళం అడిగే కొడుకు: హనుమకొండ డ్రైవింగ్ స్కూల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో కారు నేర్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. అప్పట్లో వచ్చినవాళ్లు క్లచ్ ఎక్కడ వదలాలి, కాజీపేట బ్రిడ్జి ఎక్కుతుంటే బండి వెనక్కి జారితే ఏం చేయాలి అని అడిగేవాళ్లు. ఇప్పుడు పిల్లలు మొదటి రోజే "సార్, ఈ బండి ఎంత గుంజుతది?" అంటున్నారు. వాళ్లను దింపడానికి వచ్చిన తండ్రులు పక్కకు పిలిచి, గొంతు తగ్గించి వేరే ప్రశ్నలు అడుగుతారు. ఇద్దరికీ నేను చెప్పే జవాబులు ఇక్కడ రాసిపెడుతున్నాను.

మావాడికి బీటెక్ సీటొస్తే కారు కొనిస్తానని మాటిచ్చాను. పెద్ద బండి అయితే సేఫ్ కదా?

గుద్దుకున్నప్పుడు బరువైన బండిలో ఉన్నవాళ్లకు కొంత రక్షణ ఉంటుంది, కాదనను. కానీ ఎత్తైన బండి స్పీడులో ఒక్కసారిగా స్టీరింగ్ తిప్పితే చిన్న కారు కంటే తొందరగా పల్టీ కొడుతుంది. కుక్క అడ్డం వచ్చిందని పక్కకు కొట్టి బోల్తా పడ్డ బండ్లు చాలావరకు ఈ ఎత్తు బండ్లే.

నాకు అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. నేను నేర్పడం మొదలుపెట్టిన మారుతి 800 ఇంజిన్ 37 హార్స్‌పవర్ చుట్టూ ఉండేది. 80 దాటితే స్టీరింగ్ వణికేది, అద్దాలు గడగడలాడేవి, పక్కన కూర్చున్నవాళ్లు "మెల్లగా" అనేవాళ్లు. బండే మనల్ని భయపెట్టేది. ఇప్పుడు పది లక్షల టర్బో పెట్రోల్ కారుకు కూడా 100 హార్స్‌పవర్ దాటుతోంది. అద్దాలు మూసి, ఏసీ వేసి, పాట పెడితే 120లో కూడా ఇంట్లో సోఫాలో కూర్చున్నట్టే ఉంటుంది. స్పీడోమీటర్ చూసుకుంటే తప్ప ఎంతలో పోతున్నామో తెలియదు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడికి రోడ్డు పక్క చెట్లు వెనక్కి పోయే తీరు చూస్తే అర్థమవుతుంది. లైసెన్సు వచ్చి ఇరవై రోజులైనవాడికి అర్థం కాదు.

కొనిస్తానని మాట ఇచ్చారు కాబట్టి కొనివ్వండి. కానీ ఇంజిన్ చిన్నది తీసుకోండి. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు లాక్ కాకుండా చూసేది), ఈఎస్‌సీ (మలుపులో బండి పట్టు తప్పకుండా చూసేది) ఉన్న వేరియంట్ మీద డబ్బు పెట్టండి. సన్‌రూఫ్ మీద కాదు.

ఏబీఎస్ ఉంది, నాలుగు టైర్లూ కొత్తవి. 100లో పోతే మాత్రం ఆగదా?

ఆగుతుంది. ఎక్కడ ఆగుతుందన్నదే లెక్క.

ఎదురుగా ఏదో ఉందని కన్ను చూసి, కాలు బ్రేకు మీదకు వెళ్లేలోపు సుమారు ఒకటిన్నర సెకను పోతుంది. 100 కి.మీ. వేగంలో ఆ ఒకటిన్నర సెకనులోనే బండి 42 మీటర్లు పోతుంది. అప్పుడు బ్రేకు పడుతుంది. పొడి తారు రోడ్డు మీద, మంచి టైర్లతో ఇంకో 56 మీటర్లు. మొత్తం దాదాపు 98 మీటర్లు. అదే లెక్కన 60లో 45 మీటర్లు, 120లో 131 మీటర్లు, 140లో 168 మీటర్లు. వాన పడితే ఇంకా ఎక్కువ. ఏబీఎస్ ఉన్నది చక్రాలు లాక్ కాకుండా స్టీరింగ్ మన చేతిలో ఉంచడానికి. దూరాన్ని అది మాయం చేయదు.

క్లాసులో నేను బోర్డు మీద వేసి చూపించే లెక్క ఇంకొకటి ఉంది. రెండు కార్లు పక్కపక్కనే వస్తున్నాయి, ఒకటి 80లో, రెండోది 100లో. 70 మీటర్ల ముందు లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీ ఆగి ఉంది. ఇద్దరూ ఒకేసారి చూశారు, ఒకేసారి బ్రేకు వేశారు. 80లో ఉన్నవాడు ట్రాలీకి బెత్తెడు దూరంలో ఆగిపోయాడు. 100లో ఉన్నవాడు ఎంత స్పీడులో గుద్దుతాడు? పిల్లలంతా "20" అంటారు. సరైన జవాబు దాదాపు 70. బ్రేకు వేసిన తర్వాత కూడా 70. స్పీడు పెరిగితే దెబ్బ దాని వర్గంతో పెరుగుతుందని ఇంటర్ ఫిజిక్సులో చదివిన పిల్లలే ఇది చూసి నోరు తెరుస్తారు.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) మీద 120 పోనిస్తున్నారు కదా. మన హైవే మీద ఎందుకు వద్దంటారు?

ఓఆర్‌ఆర్ మీద 2023లో లిమిట్‌ను 100 నుంచి 120కి పెంచిన మాట నిజం. కానీ అది రెండు వైపులా కంచె ఉన్న రోడ్డు. అడ్డరోడ్లు లేవు, బస్టాపులు లేవు, మధ్యలో యూ-టర్నులు లేవు.

మన వరంగల్-హైదరాబాద్ 163 హైవే నాలుగు లైన్లదే. కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు లైన్ల రోడ్డు మీద కారుకు 100 గరిష్ఠం, మామూలు రోడ్ల మీద 70. అది పైహద్దు. ఊరి దగ్గర 40 అని బోర్డు పెడితే అక్కడ 40 మాత్రమే.

ఇక హైవే మీద ఏముంటాయో మీకు తెలియంది కాదు. డివైడర్ ఎక్కడ తెగితే అక్కడ బండి తిప్పేవాళ్లు. అర కిలోమీటరు ఆదా అవుతుందని రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకులు. పొద్దుగూకే వేళ ఇంటిదారి పట్టిన బర్రెలు. ముఖ్యంగా వానకాలం, యాసంగి కోతలప్పుడు రోడ్డు సగం కల్లం అయిపోతుంది. వడ్లు ఆరబోసి, కుప్ప మీద నల్ల పట్టా కప్పి, అది ఎగరకుండా అంచున రాళ్లు పెడతారు. రాత్రి ఆ నల్ల పట్టా నల్ల తారు మీద కనిపించదు. వడ్ల మీదకు ఎక్కిన చక్రం పట్టు తప్పి జారుతుంది. రైతును తప్పు పట్టే ముందు ఆయనకు ఆరబోసుకోవడానికి జాగా ఎక్కడుందో కూడా చూడాలి. అది వేరే చర్చ. నడిపేవాడికి మాత్రం ఒకటే జాగ్రత్త: హెడ్‌లైట్ వెలుగు ఎంత దూరం పడుతుందో అంత దూరంలో ఆగగలిగే స్పీడులోనే పోవాలి. డిమ్ లైటులో ఆ దూరం 50, 60 మీటర్లు ఉంటే గొప్ప. పై లెక్కల్లో 60 స్పీడు దగ్గర ఏముందో ఇంకోసారి చూడండి.

కరీంనగర్ వైపు రాజీవ్ రహదారి అయినా, వర్ధన్నపేట, తొర్రూరు మీదుగా ఖమ్మం పోయే రోడ్డు అయినా ఇదే కథ. ఖమ్మం రోడ్డు పక్కన చెట్లు కూడా ఉన్నాయి. చెట్టు పక్కకు జరగదు.

గట్టిగా పోతే ఎంత టైం కలిసొస్తుంది?

ఖాళీ రోడ్డు 40 కిలోమీటర్లు దొరికిందనుకోండి. 100లో 24 నిమిషాలు, 140లో 17 నిమిషాలు. ఆ ఏడు నిమిషాలు ఉప్పల్ ట్రాఫిక్‌లో ఎటూ పోతాయి.

పిల్లలు ఆదివారం లక్నవరం చెరువు, బొగత జలపాతం పోతామంటున్నారు. పంపొచ్చా?

ఎవరు నడుపుతున్నారు, బండిలో ఎంతమంది, ఎన్ని గంటలకు తిరిగొస్తారు. ఈ మూడూ అడగండి.

ఒక్కడే ఉన్నప్పుడు 80లో పోయే పిల్లవాడు వెనక ముగ్గురు సోపతులు ఎక్కితే 120 కొడతాడు. నేను చూసింది ఇదే. ప్రపంచమంతా పరిశోధకులు గమనించింది కూడా ఇదే. తొందరపాటును ఆపే మెదడు భాగం ఇరవై నాలుగు, ఇరవై ఐదేళ్ల దాకా పూర్తిగా ఎదగదట. పక్కన తోటివాళ్లు ఉంటే దాని మాట ఇంకా వినపడదు. దానికి తోడు ముందు సీట్లో ఉన్నవాడు స్పీడోమీటర్ వైపు ఫోన్ పట్టుకుని రీల్ తీస్తుంటాడు. కెమెరా ముందు ముల్లు దించుకోవడం ఏ కుర్రాడికైనా చిన్నతనంగానే ఉంటుంది.

అందుకే నేను నడిపేవాడికి కంటే పక్కన కూర్చునేవాళ్లకు ఎక్కువ చెబుతాను. "స్పీడ్ తగ్గించురా" అంటే పిరికివాడంటారని భయం. అలాంటప్పుడు "వాంతి వస్తోంది, ఆపు" అనండి. కొత్త సీటు కవర్లు ఉన్నవాడు వెంటనే ఆపుతాడు. నవ్వకండి, ఇది పనిచేసింది.

ములుగు దాటాక, ముఖ్యంగా పస్రా-తాడ్వాయి అడవి దారిలో, చీకటి పడ్డాక నడపొద్దు. పొద్దున తొందరగా బయల్దేరి వెలుతురు ఉండగానే హనుమకొండ చేరాలి.

పుట్టినరోజుకు ఫ్రెండ్ దగ్గర థార్ కిరాయికి తీసుకుంటే తప్పేంటి?

నంబర్ ప్లేటు చూడండి. చట్టప్రకారం సెల్ఫ్ డ్రైవ్ కిరాయికి తిరిగే కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలున్నది సొంత వాడకానికి మాత్రమే. వాట్సాప్ గ్రూపుల్లో రోజుకింత అని తిరిగేవి ఎక్కువగా తెల్ల ప్లేటు బండ్లే. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట అడిగేది ఇదే. కిరాయికి ఇచ్చారని తేలితే బండి రిపేరు డబ్బులు రావడం కష్టం, అప్పుడు ఓనర్ మీ ఇంటి ముందు కూర్చుంటాడు. పైగా రోజూ హ్యాచ్‌బ్యాక్ నడిపేవాడికి ఆ బండి బరువు, ఎత్తు, బ్రేకు తీరు ఏవీ అలవాటు ఉండవు. అలవాటయ్యేలోపు పుట్టినరోజు అయిపోతుంది.

వెనక కూర్చున్నవాళ్లకు కూడా బెల్టు అవసరమా?

అవసరం, చట్టంలోనూ ఉంది. 2022 సెప్టెంబర్ 4న టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర చనిపోయింది ఖరీదైన బెంజ్ కారు వెనక సీట్లో, బెల్టు లేకుండా. 50 స్పీడులో గోడను గుద్దితే మూడంతస్తుల మీంచి పడ్డట్టు. 100లో అయితే పదమూడు అంతస్తులు. ఎయిర్‌బ్యాగు బెల్టుకు తోడు మాత్రమే. బెల్టు లేకుండా ముందుకు దూసుకెళ్లే మనిషికి విచ్చుకునే ఎయిర్‌బ్యాగే దెబ్బ అవుతుంది.

బీప్ శబ్దం రాకుండా ఖాళీ క్లిప్ అమ్ముతారు, వంద రూపాయలకే. నా స్టూడెంట్ బండిలో అది కనిపిస్తే తీసి నా డ్రాయర్‌లో వేసుకుంటాను. ఇప్పటికి డ్రాయర్ సగం నిండింది.

మావాడికి పదిహేడే, కానీ బాగా నడుపుతాడు. కాలనీలో తిప్పితే ఏమవుతుంది?

"బాగా నడుపుతాడు" అంటే గేర్లు బాగా వేస్తాడని అర్థం. రోడ్డు చదవడం వేరు.

మోటారు వాహనాల చట్టానికి 2019లో సవరణ వచ్చింది. అందులో 199ఏ సెక్షన్ ప్రకారం మైనర్ నడిపి నేరం చేస్తే దోషి తండ్రి లేదా బండి ఓనర్. మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. "నాకు తెలియకుండా తీసుకెళ్లాడు" అంటే అది నిరూపించుకోవాల్సింది మీరే. తాళం టీవీ పక్కన మేకుకు వేలాడుతుంటే ఎలా నిరూపిస్తారు?

2024 మే 19న పుణెలో పదిహేడేళ్ల అబ్బాయి పోర్షే కారుతో బైకును గుద్దితే ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు చనిపోయారు. అదే రోజు బెయిలిస్తూ 300 పదాల వ్యాసం రాయమన్నారు. దేశమంతా అగ్గి మీద గుగ్గిలమైంది. తర్వాత తండ్రి, తాత కూడా అరెస్టయ్యారు. ఆ వ్యాసం గురించే అందరూ మాట్లాడారు గానీ, తాళం చేతికెలా వచ్చిందో తక్కువమంది మాట్లాడారు.

స్పీడుకు చలాన్ కట్టేస్తే అయిపోతుంది కదా?

కెమెరాకు చిక్కితే చలానే. అక్కడితో ఆగితే అదృష్టం. మోటారు వాహనాల చట్టం 184 సెక్షన్ కింద డేంజరస్ డ్రైవింగ్ అని రాస్తే మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల జరిమానా, లేదా రెండూ. రింగు రోడ్డు మీద పందేలు పెట్టుకుంటే 189 సెక్షన్, మూడు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా. తాగి నడిపితే పది వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు. లైసెన్సు సస్పెండ్ అయితే ఆ కాలంలో బండి ముట్టుకోవద్దు.

ఎవరైనా చనిపోతే? ఊళ్లో పెద్దమనుషులను కూర్చోబెట్టి రాజీ చేసుకోవచ్చా?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు ఎవరూ నా కళ్లలోకి చూడరు.

2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. అందులో 106(1) సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం తీస్తే ఐదేళ్ల దాకా జైలు. పాత ఐపీసీ 304ఏలో రెండేళ్లే ఉండేది. తాగి, జనం మధ్య, ప్రాణాలు పోతాయని తెలిసీ నడిపాడని పోలీసులు భావిస్తే 105 సెక్షన్ పెడతారు. అక్కడ పదేళ్ల దాకా జైలు.

రాజీ విషయం. నష్టపరిహారం కేసు లోక్ అదాలత్‌లో సెటిల్ చేసుకోవచ్చు. మనిషి చనిపోయిన క్రిమినల్ కేసు మాత్రం రెండు కుటుంబాలు ఒప్పుకున్నంత మాత్రాన పోయేది కాదు. కోర్టులో కేసు నడుస్తుంటే పాస్‌పోర్టుకు ఆ కోర్టు అనుమతి కావాలి. మన దగ్గర బీటెక్ చదివే సగం మంది అమెరికా ఎంఎస్ అని కలలు కంటున్నవాళ్లే. వీసా ఫారంలో అరెస్టుల గురించి అడిగే గడి ఒకటుంటుంది. జైలు అంటే నవ్వే పిల్లలు ఈ మాట దగ్గర నిశ్శబ్దమైపోతారు. నాకు అది కొంచెం బాధగానే ఉంటుంది. చనిపోయినవాడి కంటే వీసా బరువెక్కువా అనిపిస్తుంది. కానీ పనిచేసే మాటే చెప్పాలి కదా.

ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. ఇంకా టెన్షన్ దేనికి?

పాలసీ తీసి చదవండి. మూడు చోట్ల దెబ్బ తగులుతుంది.

మొదటిది, నడిపినవాడి సంగతి. తన తప్పుతో తనే గాయపడినా, చనిపోయినా థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకు జరిగిన నష్టం) కింద అతనికి గానీ అతని ఇంటివాళ్లకు గానీ ఏమీ రాదు. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద కవర్ ఉంటుంది, కానీ అది "ఓనర్-డ్రైవర్"కు. బండి రిజిస్ట్రేషన్ (ఆర్‌సీ) నాన్న పేరు మీద ఉండి కొడుకు నడిపితే ఆ 15 లక్షలు కొడుక్కి వర్తించవు. ఇది విని చాలామంది తండ్రులు ఫోన్ తీసి పాలసీ వెతుకుతారు.

రెండోది, వెనక కూర్చున్న సోపతులు. సొంత కారుకు థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే లోపల కూర్చున్నవాళ్లకు కవర్ ఉండదు. మీరు ఫుల్ ఇన్సూరెన్స్ అనే ప్యాకేజీ పాలసీ ఉంటేనే ఉంటుంది.

మూడోది లైసెన్సు. నడిపినవాడికి లైసెన్సు లేకపోతే కంపెనీ బాధితులకు ముందు కట్టి, తర్వాత ఆ మొత్తం ఓనర్ దగ్గర వసూలు చేసుకుంటుంది. ఎంత అవుతుందో ఒక ఉదాహరణ. నెలకు 15 వేలు సంపాదించే 30 ఏళ్ల సుతారి మేస్త్రి. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీద ఆధారపడ్డారు. సుప్రీంకోర్టు 2017లో ఖరారు చేసిన పద్ధతిలో ఏడాది ఆదాయానికి 40 శాతం కలిపి, సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేసి, ఆ వయసుకు నిర్ణయించిన 17తో గుణిస్తే 32 లక్షలు దాటుతుంది. ఆపై వడ్డీ. లైసెన్సు లేని కొడుక్కి తాళం ఇచ్చిన తండ్రి రెండెకరాలు అమ్మాలి.

ఇదంతా డబ్బున్నవాళ్ల పిల్లల గోల కదా?

పేపర్లో వాళ్ల పేర్లు వస్తాయి కాబట్టి అలా అనిపిస్తుంది. 2011 సెప్టెంబర్‌లో క్రికెటర్ అజారుద్దీన్ కుమారుడు ఓఆర్‌ఆర్ మీద సూపర్ బైకు ప్రమాదంలో పోయాడు. అదే ఏడాది డిసెంబర్‌లో కోమటిరెడ్డి వెంకటరెడ్డి గారి అబ్బాయి కారు ప్రమాదంలో, అదీ ఓఆర్‌ఆర్ మీదే. 2017 మే 10న అప్పటి ఆంధ్రప్రదేశ్ మంత్రి నారాయణ గారి అబ్బాయి జూబ్లీహిల్స్‌లో మెట్రో పిల్లర్‌ను గుద్ది చనిపోయాడు. డబ్బు వాళ్లలో ఎవరినీ కాపాడలేదు.

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి క్యాజువాలిటీ బయట ఒక రాత్రి నిలబడితే వేరే సంగతి తెలుస్తుంది. కిస్తీల మీద కొన్న బండ్లు, మేనమామ దగ్గర అడిగి తెచ్చుకున్న కార్లు, దావత్ నుంచి తిరిగొస్తూ పడ్డవాళ్లు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 71 శాతానికి పైగా ఓవర్ స్పీడ్ ఖాతాలోనే ఉన్నాయి. మూడింట రెండు వంతులు 18 నుంచి 45 ఏళ్ల మధ్యవాళ్లే.

వేరే దేశాల్లో కొత్త డ్రైవర్లకు ఇలాగే వదిలేస్తారా?

ఆస్ట్రేలియాలో మన పిల్లలు చాలామంది ఉన్నారు, అడగండి. న్యూ సౌత్ వేల్స్‌లో లైసెన్సు వచ్చిన కొత్తలో బండికి ఎర్ర "పీ" ప్లేటు పెట్టుకోవాలి, 90 దాటకూడదు. తర్వాత పచ్చ "పీ", 100 దాటకూడదు. ఆ కాలమంతా బరువుకు మించిన పవర్ ఉన్న కార్లు నడపడానికే వీల్లేదు. మన దగ్గర ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నింగ్ లైసెన్సు) తీసుకుని, నెల తర్వాత టెస్టు పాసైతే, మర్నాడు ఫార్చ్యూనర్ ఎక్కొచ్చు. చట్టం పెట్టని ఆ మధ్య మెట్టును ఇంట్లోనే పెట్టుకోవాలి.

అంటే ఇంట్లో ఏం చేయమంటారు?

మొదటి ఏడాది రాత్రి పదింటి తర్వాత తాళం ఇవ్వకండి. మొదటి ఆరు నెలలు బండిలో ఒక్క సోపతి కంటే ఎక్కువ వద్దనండి. హైవే మీదకు మొదటి పదిసార్లు మీరు పక్కన కూర్చుని వెళ్లండి, ఒకటి రెండుసార్లు వానలో, ఒకటి రెండుసార్లు రాత్రి. కొత్త కార్ల యాప్‌లో స్పీడ్ అలర్ట్ ఉంటుంది, 90కి పెట్టండి. పెట్టానని వాడికి చెప్పే పెట్టండి. దొంగచాటుగా పెడితే వాడు దొంగచాటుగానే తీసేస్తాడు.

ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. మొన్న ఒకాయన కొడుకు 110 కొట్టాడని నా ముందే తిట్టారు. తిట్టడం అయ్యాక బండెక్కి, బెల్టు పెట్టుకోకుండా, చెవి దగ్గర ఫోన్‌తో నక్కలగుట్ట వైపు రాంగ్ రూట్లో పోయారు. ఆ అబ్బాయి నన్ను చూసి నవ్వాడు. పదిహేనేళ్లు వెనక సీట్లో కూర్చుని నేర్చుకున్నదాన్ని నేను పదిహేను రోజుల్లో ఎలా మార్చగలను?

ప్రమాదం జరిగితే మొదట ఏం చేయాలి?

పారిపోవద్దు. గాయపడ్డవాళ్లకు వైద్యం అందేలా చూడటం, పోలీసులకు చెప్పడం డ్రైవర్ బాధ్యత అని మోటారు వాహనాల చట్టం 134 సెక్షన్ చెబుతోంది. జనం కొడతారని భయమైతే దగ్గరి పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి, కానీ ముందు 108కి ఫోన్ కొట్టండి. నేషనల్ హైవే మీదైతే 1033 కూడా.

మొదటి గంటే ముఖ్యం. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం ప్రకారం బాధితుడికి ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల దాకా, లక్షన్నర వరకు నగదు లేకుండా వైద్యం ఉంది. దారిన పోతూ సాయం చేసినవాళ్లను పేరు చెప్పమని కూడా బలవంతపెట్టకూడదు.

ఇంకోటి. ఆగిన బండిని వెనకొచ్చే లారీ గుద్దకుండా చూడాలి. డిక్కీలో స్టెప్నీ దగ్గర ఎర్ర త్రికోణం ఒకటి ఉంటుంది. దాన్ని కనీసం 50 మీటర్లు వెనక్కి నడిచి పెట్టాలి. నా దగ్గరకొచ్చిన ప్రతి బండి డిక్కీ తెరిపించి చూస్తాను. చాలావాటిలో దాని ప్లాస్టిక్ కవర్ కూడా విప్పి ఉండదు.